చేతులు మాత్రమే గీయండి

మా స్కూల్లో డ్రాయింగు టీచరంటే కూరలో కరివేపాకు. అందరికన్నా ముందు ఆవిణ్ణి తీసి పక్కన పెట్టినదాన్ని నేనే. లెక్కలు చెబుతాను. పిల్లలు నాకు పెట్టిన పేరు ఎక్కాల రాక్షసి. పరీక్షలు దగ్గరపడితే చాలు, సరాసరి డ్రాయింగు పీరియడ్‌లోకి వెళ్లి, "అక్కా, సిలబస్ మిగిలిపోయింది" అనేదాన్ని. ఆవిడ పెన్సిళ్లు ఏరుకుని, నా కోసం నల్లబల్ల తుడిచి మరీ లేచిపోయేది. ఇరవై రెండేళ్లు ఇలాగే గడిచాయి.

వాళ్ల నాన్న దుకాణాలకు బోర్డులు రాసేవాడు. పదేళ్ల వయసుకే ఈవిడ నిచ్చెనెక్కి, ఆయన గీసిన అక్షరాల్లో రంగు నింపేదట. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ ఉండగానే పెళ్లి వయసు దాటిపోయింది. అంత మంచి చెయ్యి ఉన్న మనిషి మా స్కూల్లో ఏం గీయించింది? పూలకుండీ, రెండు కొండల మధ్య సూర్యుడు, నీళ్లలో పడవ. పుస్తకంలో అవే ఉన్నాయి మరి. ఆ పిల్లల్లో సగం మంది కొండ చూడలేదు, పడవ అసలే ఎక్కలేదు. అన్నీ ఊహించుకుని గీయడమే.

పోయిన ఏడు పైనుంచి ఒక కాగితం వచ్చింది. తొమ్మిదో తరగతి వాళ్లకు బొమ్మల ద్వారా తిండి గురించి, సంస్కృతి గురించి, చుట్టూ ఉన్న మనుషుల గురించి నేర్పాలట. ఏడాది చివర ప్రదర్శన పెట్టాలట. స్టాఫ్ రూములో అందరం నవ్వాం. "కాగితం మీద కూర గీస్తే కడుపు నిండుతుందా అక్కా?" అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆ కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది.

మర్నాటి నుంచి ఆవిడ వేరే మనిషి. మొదటిసారి నాకు పీరియడ్ ఇవ్వనంది! పిల్లల్ని ఇద్దరిద్దరుగా చేసి స్కూలు వెనక సందుల్లోకి తోలింది. తెలియని ఇంటికి వెళ్లాలి, వంటలో సాయం చెయ్యాలి, వాళ్లతో కూర్చుని తినాలి. ఎక్కడినుంచి వచ్చారు, ఇక్కడికొచ్చాక ఏ వంట మానేశారు, ఎందుకు మానేశారు, అని అడగాలి. అప్పుడే పెన్సిల్ పట్టుకోవాలి. ముఖం గీయకూడదు.

"చేతులు మాత్రమే గీయండి. మన ఇల్లు పదిమందీ చూస్తారంటే ఎవరికైనా సిగ్గే. ముఖం లేకపోతే ఎవరిదో ఎవరికీ తెలీదు. కానీ చెయ్యి మాత్రం చూసి గీయాలి. ఊహించి ఒక్క గీత గీసినా చించేస్తాను" అని చెప్పింది.

చించింది కూడా. ఒక్కొక్కడి చేత పదేసిసార్లు గీయించింది. గోటి కింద మట్టి, కత్తి పట్టి కాయలు కాసిన చూపుడువేలు, ఉంగరం తీసేశాక మిగిలిన తెల్లటి చార. ఒకడు ముసలి దర్జీ చేతులు గీసుకొచ్చాడు. భార్య పోయాక అరవయ్యో ఏట వంట నేర్చుకున్నాడట. ఆ చేతులు గరిటెను సూదిలా రెండు వేళ్లతో పట్టుకుని ఉన్నాయి. అది చూశాక నేను వేళాకోళం మానేశాను. లెక్కల్లో సున్నాలు తెచ్చుకునేవాళ్లు ఆవిడ దగ్గర అంత శ్రద్ధగా ఉంటే నాకు ఒళ్లు మండింది కూడా, దాచుకోవడమెందుకు.

క్లాసులో ఒక అమ్మాయి ఉంది. మా క్యాంటీన్ వంటామె కూతురు. తల్లి అక్కడ పని చేస్తుంది కాబట్టి ఫీజు లేకుండా చదువుతోంది. నోట్లో నాలుక లేని పిల్ల. "టీచర్, సాయంత్రం తమ్ముణ్ణి చూసుకోవాలి, వేరే ఇంటికి వెళ్లడం కుదరదు. మా ఇల్లే గీయనా?" అని అడిగింది. డ్రాయింగు టీచరు సరేనంది.

ఆ పిల్ల తెచ్చిన బొమ్మలో రెండు చేతులు ఒక గిన్నెలోంచి మూడు కంచాల్లోకి అన్నం పంచుతున్నాయి. రెండు కంచాల్లో కాస్త ఎక్కువ, మూడోదాంట్లో కాస్త తక్కువ. ఎడమ చేతికి ఉంగరం వేలు సగమే ఉంది. బొమ్మంతా పెన్సిలే, రంగు ఒక్కచోటే వేసింది: గిన్నె అంచున నీలం గీత. మా క్యాంటీన్ గిన్నెలన్నిటికీ ఆ గీత ఉంటుంది.

ఆ గీత చూడగానే నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే మిగిలిన తిండి సాయంత్రం డ్రమ్ములో పారబోయాలి, ఎవరూ ఇంటికి తీసుకెళ్లకూడదు అని క్యాంటీన్ గోడ మీద బోర్డుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అలాంటి బోర్డు. ఎర్రరంగుతో దాన్ని రాసింది ఈ డ్రాయింగు టీచరే.

"అక్కా, ఇది పెట్టకు" అన్నాను.

"చేతులే కదే! ముఖం లేదుగా, ఎవరికి తెలుస్తుంది? ఇరవై రెండేళ్లలో నా దగ్గర ఇలాంటి బొమ్మ గీసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?"

లేరు. నేనేమో ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అనుకునే రకాన్ని.

ప్రదర్శన రోజున మా స్కూలు నడిపే కమిటీ కార్యదర్శి గారు వచ్చారు. ముడతంటూ ఎరగని చొక్కాల వల్ల ఆయన్ని మేమంతా చాటుగా ఇస్త్రీ అంటాం. మనిషి చెడ్డవాడని అనను. ప్రతి బొమ్మ దగ్గరా ఆగాడు, పిల్లల్ని మెచ్చుకున్నాడు. వంటామె కూతురి బొమ్మ దగ్గర చాలాసేపు ఆగాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆ సగం వేలు ఆయన ఎరుగును. అది పోయింది మా క్యాంటీన్ కూరగాయల మిషన్లోనే. నాలుగేళ్ల కిందట, తప్పు తనదేనని వంటామె చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నదీ ఈయనే.

"చాలా బాగుందమ్మా. పిల్ల ఊహించి గీసిందా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న ఆయన ఎందుకు అడిగాడో నాకిప్పటికీ తెలీదు. తప్పించుకోమని దారి చూపించాడేమో, ఉచ్చే పన్నాడేమో. అవునండీ అంటే అక్కడితో పోయేది. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ చెయ్యి గిల్లొచ్చు, దగ్గొచ్చు, నేనే నోరు తెరిచి అవునండీ అనొచ్చు.

డ్రాయింగు టీచరు ముఖం వెలిగిపోతోంది. జీవితంలో మొదటిసారి ఎవరో పెద్దమనిషి ఆవిడ పని గురించి అడిగాడు.

"ఊహ కాదండీ. ఒక్క గీత కూడా ఊహ కాదు. అంతా చూసి గీసిందే" అంది.

ఆ మాట నోరు దాటాక ఆవిడకి అర్థమైంది. ముఖం పాలిపోయింది. కార్యదర్శి గారు తలూపి పక్క బొమ్మ దగ్గరికి వెళ్లారు.

వారం తిరక్కుండా వంటామెను తీసేశారు. బొమ్మను గోడ మీంచి తీసి ఉద్యోగం కాగితాలతో కలిపి గుచ్చి, ఆఫీసు బీరువాలో పెట్టారు. సాక్ష్యమట! డ్రాయింగు టీచరు ఆఫీసుకు పరిగెత్తింది. అది ఊహేనండీ, పిల్లకేం తెలుసు, అని బతిమాలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. "మీరే కదమ్మా కాదన్నారు" అన్నాడాయన, మర్యాదగానే.

ఆదివారం ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. ఒకే గది, గోడవారగా పొయ్యి, దండెం మీద స్కూలు యూనిఫారం. వంటామె మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. పిల్ల తలుపు దగ్గరే నిలబడింది.

"టీచర్, ఎక్కడ తప్పు గీశాను? వేలు గీయకుండా ఉండాల్సిందా?" అని అడిగింది.

డ్రాయింగు టీచరు గ్లాసు కింద పెట్టింది. ఏడుపు ఆపుకుంటూ, "అవునమ్మా. గీయకుండా ఉండాల్సింది" అంది.

అప్పుడొచ్చింది వంటామెకు కోపం.

"అదేం మాటండీ టీచరమ్మా? నా చెయ్యి ఎలా ఉందో అలా గీసింది. దాంట్లో తప్పేముంది? నా పని పోయింది, పోనివ్వండి, ఇంకోచోట చేసుకుంటాను. దాని చేతిలో ఉన్నది కూడా మీరే లాగేసుకుంటారా?"

పిల్ల లోపలికి వచ్చింది. అలమరలోంచి రంగు పెన్సిళ్ల డబ్బా తెచ్చింది. ప్రదర్శన కోసం క్లాసులో అందరికీ ఇచ్చినదే. ఒక్కో పెన్సిలూ తీసి పన్నెండూ ఉన్నాయని చూసుకుని, మూత పెట్టి, టీచరు ఒళ్లో పెట్టింది.

"ఇది స్కూలుది టీచర్. తీసుకెళ్లండి. మళ్లీ ఇంటికి తెచ్చుకున్నామంటారు."