ఖాళీ గడి

క్షయ పరీక్షల ఆఫీసులో జ్ఞానదాసు రోగుల ఫలితాలను కంప్యూటర్ చదవగలిగేలా అట్టకార్డులకు చిల్లులు పొడుస్తాడు. కార్డు తీసిన ప్రతిసారీ వక్కపొడి ఎంగిలితో వేలు తడుపుకుంటాడు. ఫలితం గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ఆ కార్డును తీసుకోకుండా తిప్పి పంపుతుంది. అందుకని డాక్టరు ఇంకా చూడని ఎక్స్‌రేలన్నిటికీ 'జబ్బు లేదు' అని పొడిచేస్తాడు. పని ముందే ముగించాడని పైవాళ్లు మెచ్చుకుంటారు.

నిన్న మల్కాపురం నుంచి రత్నమణి వచ్చింది, కొంగున నెత్తురు మరకతో. "బాబూ, రెండు నెల్లనుంచి దగ్గుతన్నాను. నా ఎక్స్‌రేలో ఏటుందో సూడు." అతను కంప్యూటర్ అచ్చువేసిన జాబితా మీద గోరు నడిపాడు. "కంప్యూటర్ నీకేటీ లేదంతంది. దానికన్నా నీకెక్కువ తెలుసేటి? మందులియ్యం, ఎల్లెల్లు." ఆమె దణ్ణం పెట్టి, దగ్గుకుంటూ వెళ్లిపోయింది. ఆమె ఎక్స్‌రే కవరు డాక్టరు దాకా వెళ్లనే లేదు. మధ్యాహ్నం అతను దాన్నే బల్లమీద పరిచి, దానిమీద చేపల పులుసు గిన్నె పెట్టుకుని జుర్రుకున్నాడు.