మడత పెట్టిన ముక్క

ఆ వీధిలో అందరూ ఆయన్ని కటింగ్ మాస్టరనే పిలుస్తారు. కోపం వచ్చినప్పుడు భార్య కూడా "మాస్టరుగారూ" అంటుంది.

బట్టలు కుట్టే షాపులో ఆయన పని గుడ్డ పరిచి, దాని మీద ఖాకీ కాగితం నమూనాలు పేర్చి, కత్తిరించడం. ముందు వీపు, ఛాతీ, చేతులు. కాలరూ జేబులూ మిగిలిన సందుల్లో. ఇంటి ఖర్చులకు కూడా ఆయనకు తెలిసిన పద్ధతి అదే. జీతం అందిన తర్వాతి ఆదివారం నేల మీద పొడుగాటి కాగితం పరుస్తాడు. అది జీతం. అద్దె, సరుకులు, కూతురి ఫీజు, కరెంటు, తల్లి మందులు, దేని ఖర్చును బట్టి దానికి కత్తిరించిన ముక్కలు దాని మీద పేరుస్తాడు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని తల్లి మంచం మీంచి గుర్తుచేస్తుంటుంది. ఏనాడూ ఒక్క ముక్క అంచు దాటలేదు.

ఆ ముక్కల్లో కళ్లజోడు లేదు. భార్య ఏడాదిగా పోరుతూనే ఉంది. సుద్దగీత కంటికి ఆనకపోయినా చేతికి తెలుసనేవాడు.

పోయిన నెల చేతికి తెలియలేదు. యూనిఫారాల గుడ్డ పొరలు పొరలుగా పరిచి, సరైన గీత వదిలేసి, పక్కనే సగం చెరిపిన పాత గీత మీద కత్తెర నడిపాడు. యజమాని తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఇంటికొచ్చి అన్నాడు. నష్టం నెలనెలా జీతంలో పట్టుకుంటాననీ, ఈ నెలలో కళ్లజోడు రాకపోతే కత్తెర ఇంకొకరి చేతికి ఇస్తాననీ యజమాని నెమ్మదిగానే చెప్పాడట.

ఈ ఆదివారం కాగితం పొట్టిదయింది. పైగా కళ్లజోడుకు కొత్త ముక్క. ఫీజును నిలువుగా పెట్టాడు, సరుకులను అడ్డంగా తిప్పాడు. భార్య సరుకుల ముక్క అంచు తనే కత్తిరించి ఇచ్చింది. అయినా ఏదో ఒకటి బయటే ఉండిపోతోంది.

"ఎటు తిప్పినా గుడ్డ పెరగదండీ," అంది భార్య.

తల్లి మంచం దిగి వచ్చి కూర్చుంది. "నా ముక్క ఇటివ్వరా."

తీసుకుని సగానికి మడిచింది. "రోజు మార్చి రోజు వేసుకుంటాలే. మొన్న రెండు రోజులు మర్చిపోయాను. పోయానా ఏంటి?"

"డాక్టరు రోజూ వేసుకోమన్నాడమ్మా."

"ఆయనేమన్నా మన ఇంట్లో ముక్కలు పేర్చాడా?"

మడిచిన ముక్క కరెంటుకూ కళ్లజోడుకూ మధ్య అతికినట్టు సరిపోయింది. భార్య తల దించుకుని కాగితపు పీలికలు ఏరుతోంది.

మడత మీద పెట్టి కత్తిరించిన గుడ్డ విప్పితే రెండింతలవుతుంది, మడిచినంత మాత్రాన తగ్గిపోదు. పనిలో చేరినవాళ్లకు ఆయన నేర్పే మొదటి పాఠం అది. తల్లికి ఆ మాట చెప్పబోయి ఆగిపోయాడు. చెబితే మడత విప్పాలి. విప్పితే ఏ ముక్క తీసెయ్యాలో తెలియదు.

ఫ్యాను గాలికి మడత కొంచెం కొంచెంగా విచ్చుకుంటోంది. ఆయన దాని మీద బొటనవేలు ఆనించి, అలాగే నొక్కి పట్టుకున్నాడు.