విమానమెక్కి పోయి దూకిన కుంట

మా మామకి తళి అనే ఊరి పక్కన రోజాపూల గ్రీన్‌హౌస్ ఉండాది. పూల మందులమ్మే కంపెనీవోళ్ళు, బాగా కొనే రైతుల్ని శ్రీలంకలో ఒక పెద్ద క్యాసినో రిసార్టుకి తీసుకుపోతామన్నారు. ఇంటికి ఇద్దరు. అత్త రానంది.

"నేనొస్తే పూలెవురు కోస్తారు? మీ కంపెనీవోడొచ్చి కోస్తాడా?"

నన్ను పంపించింది. నేను పుట్టి పెరిగింది బెంగళూరులో. పాస్‌పోర్టుంది, నోరుంది, చేతిలో ఎప్పుడూ ఫోనుంది. అత్తకి కావాల్సింది ఆ ఫోనే.

"పాపా, మీ మామ పేకాట జోలికి పోతే నాకు వీడియో పంపు. ఆ పొద్దే నేను మా అమ్మోళ్ళింటికి పోయేది. తోట, మందులు, కూలోళ్ళు అన్నీ ఆయప్పే చూసుకోనీ."

ఇంత కోపం ఎందుకంటే, పోయినేడు మామ చింతతోపులో 'లోపలా బయటా' ఆడతా ఉండాడు. ఒక ముక్క తిరగేసి పెడతారు, దాని జత లోపలి పక్క పడుతుందా, బయటి పక్క పడుతుందా అని పందెం. పోలీసు జీపొచ్చింది. మామ ముక్కలన్నీ టవల్లో మూటగట్టి, పరిగెత్తి, గ్రీన్‌హౌస్ నీళ్ళ కుంటలో దూకినాడు. ఈతే రాదు ఆయనకి. మెడదాకా నీళ్ళలో నిలబడి, జీపు పోయినాక బట్టల్లోంచి నీళ్ళు కారుకుంటా ఇంటికొచ్చినాడు. ఆ పొద్దే అత్త ఆయనతో కర్పూరం ఆర్పించి, ఇంక పేకాట ఆడనని సత్యం చేయించింది.

రిసార్టు గురించి ఏం చెప్పేది? మూకండపల్లి ఊరు మొత్తాన్ని అందులో పెట్టి తలుపేసేయొచ్చు. లోపల పైకప్పుకి ఆకాశం పెయింటు కొట్టినారు. మబ్బులు కదలవు. మామ చూసి, "ఈడ వాన రాదు పాపా, మోటరు వేసుకోవాల్సిందే" అన్నాడు. ఏసీకి నా పళ్ళు కొట్టుకుంటా ఉంటే, "పూల కోల్డ్ రూమ్ మాదిరే ఉండాది. పొద్దున్నే మనల్ని కట్టలు కట్టి ఎగుమతి చేస్తారేమో!" అన్నాడు. బఫేలో ఏ దేశం తిండి కావాలన్నా ఉండాది, ఊరగాయ తప్ప. నడిమధ్య హాల్లో పాటకి ఎగిరే ఫౌంటెన్. నేను రీల్సు తీసుకుంటానే ఉన్నాను.

మధ్యాహ్నం కంపెనీవోళ్ళు అందరికీ తలా ఇన్ని ప్లాస్టిక్ బిళ్ళలు ఊరికే ఇచ్చి, ఆడుకోండి అన్నారు. మామ బిళ్ళల్ని జేబులో వేసుకుని, "సుమ్మనే చూసొస్తా, ఆడను" అన్నాడు. నేను వెనకే పోయినాను. ఒక టేబుల్ దగ్గర ఆగిపోయినాడు. టేబుల్ మీద మనూరి లోపలా బయటానే! పచ్చ గుడ్డ పరిచి, టై కట్టిన అమ్మాయి పంచుతా ఉంది.

"మామా, సత్యం!"

"సత్యం చేసింది దుడ్డుకి. ఇవి బిళ్ళలే కదా. అయినా ముక్కలు పంచేది ఆ పాప, నేను కాదు."

నాకు మండింది. ఫోనెత్తి వీడియో మొదలుపెట్టినాను. ఆడ వీడియో తీయకూడదంట. యూనిఫామేసుకున్న సెక్యూరిటీవోళ్ళు ఇద్దరు నా కోసం వస్తా ఉండారు. నేను ఇంగ్లీషులో కొట్లాటకి రెడీ అయినాను. కానీ మామ చూసింది యూనిఫాం ఒకటే.

అంతే. టేబుల్ మీది ముక్కలు, బిళ్ళలు, పక్కనోడివి కూడా, చొక్కా ఎత్తి అందులో ఊడ్చుకున్నాడు. "పాపా, పరిగెత్తు!" అని అరిచినాడు. కార్పెట్ మీద చెప్పులు వదిలేసి, నేరుగా పోయి ఫౌంటెన్లో దూకినాడు. నీళ్ళు మోకాలిదాకే. అందుకని కూర్చున్నాడు, మెడదాకా మునిగేటట్టు. పాట ఆగలేదు. నెత్తి మీద నీళ్ళు ఎగరతానే ఉండాయి, చుట్టూ రాజులు, రాణీలు తేలతా ఉండారు.

కంపెనీ ఆఫీసరు చేతులు జోడించి, మావోడు కొంచెం భయస్థుడు అని చెప్పినాడు. రిసార్టువోళ్ళు నవ్వు ఆపుకోలేక వదిలేసినారు. మామకి తెల్ల టవల్ కోటొకటి తొడిగినారు. నా వీడియో మాత్రం దగ్గరుండి డిలీట్ చేయించినారు.

రూముకి పోయేసరికి అత్త వీడియో కాల్.

"ఆడినాడా?"

నేను నోరు తెరిచేలోపల మామ నా భుజం మీదుగా తొంగిచూసినాడు. "లేదే. స్విమ్మింగ్ పూల్లో స్నానం చేసినాను."

అత్త కాసేపు ఆ తడి జుట్టునే చూసింది.

"నీకు ఈత రాదు. నువ్వు నీళ్ళలో దిగేది ఒకే పనికి. జీపు ఆడికి కూడా వచ్చిందా ఏమప్పా?"

మామ వంగి కోటు ముడి బిగించుకున్నాడు.

"పాపా, ఫోను కొంచెం కిందికి పట్టు. ఆ కోటు బాగుండాది. తీసుకురమ్మను, చలికాలం మా అమ్మోళ్ళ ఊర్లో నాకు పనికొస్తుంది."

మేం తిరిగొచ్చేసరికి గ్రీన్‌హౌస్ తలుపుకి పూలు కోసే కత్తెర తగిలించి ఉండాది. అత్త లేదు. మామ కత్తెర తీసుకుని వంగి కోయడం మొదలుపెట్టి, "ఒక ఫోటో తీసి మీ అత్తకి పంపు పాపా. నడుము పట్టుకున్నట్టు తియ్యి" అన్నాడు.

పంపినాను. రెండు నీలం టిక్కులు పడినాయి. అంతే.