గొంతు గుర్తుపట్టిన మా వదిన

పోయిన మంగళవారం పొద్దున్న వర్క్‌షాపుకు బయల్దేరుతూ బూట్లు తొడుక్కుంటున్నాను. వదిన పెద్దకొడుకు సైకిలు గేటుకు ఆనించి లోపలికి వచ్చి, "బాబాయ్, అమ్మ పోనాది" అన్నాడు. లేచి పొయ్యి ముట్టించి అక్కడే ఒరిగిపోయిందట. వంటింట్లోంచి మా ఆవిడ ఆ మాట విన్నది. ఏడవలేదు. చెప్పులైనా వేసుకోకుండా వదిన ఉండే సుభాష్‌పల్లి దారి పట్టింది. నేను వెనకాలే వెళ్ళాను. దారిలో నాకు కలిగిన మొదటి ఆలోచన రాస్తే మీరు నన్ను మంచివాడనుకోరు. ఇక మా ఆవిడకు నేనొక్కణ్ణే మిగిలాను అనుకున్నాను.

వదిన మా ఆవిడకు సొంత అక్క. మా రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి ఖరగ్‌పూర్ వచ్చినవే. మా క్వార్టరుకు ఆవిడ ఇల్లు అరగంట నడక. ప్రతి ఆదివారం వచ్చేది. గేటు దగ్గర నుంచే "ఒలే" అని పిలిచేది. ఆ పిలుపు వింటే మా ఆవిడ నాకు వడ్డిస్తున్న గరిటె గిన్నెలో వదిలేసి పరుగెత్తేది. ఇద్దరూ వంటింట్లో కూర్చుని నవ్వుకునేవారు. నేను వెళ్తే నవ్వు ఆగిపోయేది. "ఏటి సంగతి?" అంటే మా ఆవిడ "ఏటీ లేదు" అనేది.

వదిన ఎవరింట్లోనూ ఊరికే కూర్చునేది కాదు. మాట్లాడుతూనే బియ్యంలో రాళ్ళు ఏరేది, చిరిగిన దిండు గలీబు కుట్టేది. ఒకసారి పండక్కి నేను తెచ్చిన చీరకు ఫాలు కుట్టిపెట్టింది. ఆ ఏడాదంతా మా ఆవిడ ఆ ఫాలు కుట్టిన చేతి గురించే చెప్పింది గాని, చీర తెచ్చినవాడి ఊసెత్తలేదు.

పద్నాలుగేళ్ళ కిందట మా ఆవిడకు మెడ ముందు వాపు వచ్చింది. పక్కింటి బెంగాలీవాళ్ళు గలగండ అన్నారు. డాక్టరు థైరాయిడ్ గడ్డ అన్నాడు, కోసి తీసేయాలన్నాడు. ఆపరేషన్ పొద్దున్నే అయిపోయింది. వార్డులో సిస్టర్ దీదీ నన్ను పక్కకు పిలిచి, ఊపిరి కష్టమైనా, మెడ బిగిసినట్టున్నా, గొంతు మారినా వెంటనే తనకు చెప్పమంది. తలూపాను. నా అంతట నేను ఇంకొకటి కలుపుకున్నాను. మాట్లాడితే కుట్లు లాగుతాయి, మాట్లాడనివ్వకూడదు.

ఆ రోజు మా ఆవిడ పూర్తిగా నాది అనిపించింది. స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చున్నాను. మెడ మీద కట్టు తెల్లగా ఉంది. సిస్టర్ దీదీ వచ్చి నాడి చూసి, కట్టు చూసి, బాగానే ఉందని వెళ్ళింది. తర్వాత కాసేపటికి మా ఆవిడ దుప్పటి అంచు పీకడం మొదలుపెట్టింది. దిండు మీంచి లేవబోయింది. నొప్పి కాబోలని భుజం పట్టి పడుకోబెట్టాను. ఏదో చెప్పబోతే, "మాటాడకు, కుట్లు లాగుతాయి" అన్నాను. ఆమె నా మాట విని ఊరుకుంది.

నాలుగింటికి వదిన వచ్చింది. వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడి చెల్లెలి ముఖం చూసింది.

"ఒలే, నన్ను పిలు" అంది.

"మాట్లాడించకు వదినా" అన్నాను.

"నువ్వుండు బాబూ. ఒలే, నన్నేటని పిలుస్తావో అలాగ పిలు."

మా ఆవిడ నోరు తెరిచింది. "అప్పా" అని అక్కను పిలిచే మాట బొంగురుగా, ఎవరో పీక నొక్కుతున్నట్టుగా వచ్చింది.

"ఇది దీని గొంతు కాదు" అంది వదిన. చెల్లెలి మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి బయటికి తీసింది. వేళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి. ముందు తెల్లగా ఉన్న కట్టు చూసి నేను నిమ్మళంగా కూర్చుంటే, రక్తం వెనక దిండులోకి దిగుతోంది. వదిన అరవలేదు. గబగబా వెళ్ళి సిస్టర్ దీదీని చెయ్యి పట్టుకుని తెచ్చింది. ఆమె కట్టు విప్పి, మంచం పక్కనే పెట్టి ఉంచిన పరికరంతో అక్కడికక్కడే కుట్ల క్లిప్పులు ఊడదీసింది. లోపల గడ్డకట్టిన నల్లటి రక్తం బయటపడింది. మా ఆవిడ ఒక్కసారి గుండెనిండా గాలి పీల్చింది. డాక్టరు వచ్చాడు, మళ్ళీ థియేటరుకు తీసుకెళ్ళారు, రక్తం కారుతున్న నరాన్ని కట్టేశారు. లోపల చేరిన రక్తం గాలిగొట్టాన్ని నొక్కేస్తుందనీ, ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఊపిరి ఆగిపోయేదనీ సిస్టర్ దీదీ తర్వాత చెప్పింది.

తెలివి వచ్చాక మా ఆవిడ కళ్ళు వెతికింది వదిననే.

క్వార్టర్ల వరసంతా ఆ కథ తెలిసిపోయింది. "అప్ప సేతిలో బతికినాది" అనేవారు. ఆ కథలో నేను పక్కన కూర్చున్న మొగుణ్ణి. వదిన మాత్రం ఎక్కడా చెప్పుకోలేదు. ఎవరైనా ఎత్తితే, "మరిది కదలకుండా కాసుకున్నాడు, నాను ఆకర్ని ఎల్లినాను, అంతే" అనేది. నా పరువు నిలబెట్టడానికే అలా అనేదని తెలుసు. తెలిసి మరీ మండేది. ఆవిడ గొప్పలు చెప్పుకునుంటే, ఒక మాట అని తేలికపడేవాణ్ణి.

ఒక ఆదివారం ఉండబట్టలేక అడిగేశాను. "గంటల తరబడి కూర్చున్నాను. నాకు తెలియనిది నీకెలా తెలిసింది?"

వదిన బియ్యం చేట ఒడిలోంచి దించింది. "దానికి రెండేళ్ళప్పుడు అమ్మ పోనాది. దానికి మాటలు నేర్పినదాన్ని నానే బాబూ. దాని గొంతు నాకు తెలవదేటి?" చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, "నువ్వు సెడ్డ సెయ్యలేదు. మాటాడకన్నావంటే దాని మంచికే అన్నావు. ఈసారికి మాటాడమను, ఇను" అంది.

అప్పటినుంచి వినడానికి ప్రయత్నించాను. ఈ పద్నాలుగేళ్ళూ మా ఆవిడ నాకు దక్కింది వదిన వల్లే. ఆ ఋణం ఒప్పుకోవడం కష్టమేమీ కాలేదు. ఆవిడ అంటే ఈర్ష్య మానడమే నా వల్ల కాలేదు. బతికుండగా ఆ సంగతి చెప్పి క్షమించమని అడగలేకపోయాను. బహుశా ఆవిడకు తెలుసు.

నిన్న మధ్యాహ్నం వదిన కొడుకు అస్థికలు తీసుకుని మద్రాసు వైపు వెళ్ళే బండి ఎక్కాడు. మా శ్రీకాకుళం వైపు కళింగపట్నంలో దిగి సముద్రంలో కలుపుతాడు. బండి కదలగానే మా ఆవిడ దాని పక్కనే నడవసాగింది. చివరి పెట్టె దాటిపోయాక కూడా ఆగలేదు. టీ బండి దాటింది, మూటల మీద కూర్చున్న కూలీలను దాటింది, రేకుల కప్పు అయిపోయి ఎండలోకి వచ్చింది. ఈ ఊరి ప్లాట్‌ఫారం ఎంతకీ తరగదు. నేను పదడుగుల వెనక నడిచాను. నా కోసం ఇంత దూరం నడుస్తుందా అని అప్పుడు కూడా అనిపించింది.

ప్లాట్‌ఫారం వాలుగా దిగి కంకరలో కలిసే చోట నిలబడింది. దూరంగా పొగ ఇంకా కనిపిస్తోంది. పట్టాల వైపు చూస్తూ మెల్లగా ఏదో అంది. నాకు వినబడలేదు. ఏమన్నావని నేను అడగలేదు. ఆ మాట నాతో అన్నది కాదు.