‘తెలియవచ్చింది’ అని రాయనివ్వని మా ఎడిటరు గారు

మా ఎడిటరు గారు మొన్న పొద్దున్న కాఫీ అడిగి, గ్లాసు వచ్చేలోపే పోయారు. కబురు విని ఏడ్చాను గానీ, మంచాన పడకుండా పోయారని మనసు కుదుటపడింది కూడా. ఒకరి చేత మంచినీళ్లు తాగించుకోవాలన్నా గింజుకునే మనిషి ఆయన.

శ్రీకాకుళంలో ఆయన నడిపిన చిన్న వారపత్రికలో నేను సబెడిటర్ని. పేపరు చదివే మీలో ఎవరైనా మా ఆఫీసు లోపలికొచ్చి ‘ఈ వార్త ఎక్కడిది?’ అని అడగొచ్చు. మేం మాత్రం ‘తెలియవచ్చింది’ అని రాయకూడదు. “ఎవరికి తెలియవచ్చిందయ్యా? నీకా, గోడకా?” అని కొట్టేసేవారు. ప్రతి వార్త కిందా చూసి రాశామో, విని రాశామో, ఎవరు చెప్పారో వేయాల్సిందే. పేపరు కోర్టు వాంగ్మూలంలా ఉందని సణిగితే నవ్వేవారు.

“చదివేవాడు మనింట భోంచేసేవాడు. వంటింటి తలుపు మూసేస్తే ఎలాగ?”

ఈ పట్టుదల ఊరికే రాలేదు. రెండేళ్ల కిందట గాలివానలో నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే ఒకతను కొట్టుకుపోయినట్లు ‘తెలియవచ్చింది’. రాసింది ఆయనే. కొన్నాళ్లకు ఆ మనిషే వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. ఇంట్లో చెప్పకుండా కొత్తవలస రైలు పనికి పోయాడట.

“బాబూ, నాను సచ్చిపోనానని మీకెవులు సెప్పినారు?”

“రైలు స్టేషన్లో ఒకాయన అన్నాడు. ఇంకెవర్నీ అడక్కుండా రాసేశాను.” ఎడిటరు గారు అతని చేతులు గట్టిగా పట్టుకున్నారు. “బతికున్నావు నాయనా. అదే పదివేలు.”

“నాను బతికే ఉన్నాను గానీ, నా ఆడదాని గాజులు పగలగొట్టీసినారు. కొత్తవి ఎయ్యనివ్వట్నేదు మాయమ్మ. పేపర్లో పడిన సావు పేపర్లోనే పోవాలంతన్నాది.”

తప్పు ఎలా జరిగిందో మొదటి పేజీలో వేశారు. పరువు పోతుందన్నాను. “మనకు పోయేది పరువే. ఆవిడకి పోయింది చూడు,” అన్నారు. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నాను, అది నా అదృష్టం.

పేపరు పట్టుకుని ఇద్దరం ఆ ఊరు వెళ్లాం. అతని తల్లి, ముసలమ్మ, ఆ పేపర్ని నమ్మలేదు.

“అప్పుడేసిందీ ఈ కాయితమే గదా బాబూ?”

ఆయన కాగితం మడిచి పక్కన పెట్టేశారు. అరుగు మీద కూర్చుని, స్టేషన్లో ఏం విన్నారో, ఎవర్ని అడగాల్సింది అడగలేదో, వీధి వీధంతా వింటుండగా మొదటినుంచీ చెప్పారు. ముసలమ్మ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత గాజులమ్మే ఆవిడకి కబురంపి, కోడలి వైపు తిరిగింది.

“ఒసే, ఏసుకోయే.”

ఆ పిల్ల రెండు చేతులూ చాపింది. పచ్చగాజులు ఒక్కొక్కటే మణికట్టు దాటి ఎక్కుతుంటే, ఎడిటరు గారు కళ్లజోడు తీసేసి, అలా చూస్తూ కూర్చున్నారు.