వెంకవ్వ నిలువెత్తు బంగారం

వెంకవ్వ సమ్మక్క తల్లినే మోసం చేస్తున్నదని ఆర్మూరులో ఒక మాట పుట్టింది. నిలువెత్తు బంగారం పెడతానని మొక్కుకున్న మనిషి, జాతర దగ్గరపడేకొద్దీ తిండి తగ్గించి, తెల్లారకముందే రోడ్ల వెంట తిరిగి ఒళ్లు కరిగించుకుంటున్నదట. బంగారమంటే మరేం కాదు, బెల్లం. మనిషిని కాంటా ఎక్కించి, ఎంత తూగితే అంత బెల్లం తల్లికి సమర్పించాలి. మనిషి తగ్గితే బెల్లమూ తగ్గుతుంది కదా. ఆ మాట నందిపేట షేర్ ఆటో ఎక్కేసరికి వెంకవ్వ పది కిలోలు తగ్గింది. తిరిగి తిరిగి మాక్లూరు చేరేసరికి ముప్పై. "ఇంకో నెల పోతే తల్లికి బెల్లం ముక్క గూడ రాదు" అని అక్కడెవరో అన్నారట.

ఈ మాట అందరికన్నా ఆఖరున విన్నది వెంకవ్వే. అందుకు కారణం ఒక కుర్చీ.

వెంకవ్వ ముప్పై ఏళ్లుగా బీడీలు చేస్తోంది. మధ్యాహ్నం పూట భీమవ్వ వాకిట్లో ఆరుగురు ఆడవాళ్లు కింద చాపల మీద కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని, ఆకులతోపాటు ఊరి సంగతులన్నీ చుట్టేస్తారు. రెండేళ్ల కిందట వెంకవ్వ మోకాళ్లు మడతపడటం మానేశాయి. అప్పటినుంచి ఆమెకు ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో కూర్చుంటే చాట జారుతుంది, తంబాకు ఒలుకుతుంది. అవి పెద్ద బాధలు కావు. గుసగుసలన్నీ కిందికి కిందే పోతాయి, అదీ బాధ. అందరూ ఒక్కసారిగా పకపకా నవ్వేవారు. "ఏందే, ఏమన్నదే?" అని వెంకవ్వ పైనుంచి వంగేది.

"ఏం లేదు వదినే, ఊకెనే" అనేది భీమవ్వ.

ఇట్లా కాదని ఒకరోజు భీమవ్వను తోడు తీసుకుని దవాఖానకు పోయింది. "మోకాళ్లు ఇంకా మంచిగనే ఉన్నయమ్మా. వాటి మీద బరువే ఎక్కువైంది. పది కిలోల దాకా తగ్గితే మళ్లీ కింద కూర్చుంటవు" అంది డాక్టరమ్మ. బయటికి రాగానే వెంకవ్వ చేతులు జోడించింది. "తల్లీ, మల్ల సక్లముక్లం పెట్టి కింద కూసుండేటట్టు చెయ్యి. నిలువెత్తు బంగారం పెడత." పక్కన భీమవ్వ ఉంది. అంటే ఊరంతా ఉన్నట్టే.

ఇంట్లో తూకం మిషన్ లేదు. మార్కెట్ యార్డులో కాంటా వేసే నరహరి వెంకవ్వకు తమ్ముడి వరస. భీమవ్వను ఇంటికి పంపి, వెంకవ్వ నేరుగా యార్డుకు పోయి, పసుపు బస్తాలు తూచే కాంటా మీద నిలబడింది.

"అక్కా, బస్తాకైతే సంచి బరువు తీసేస్తం. నీకు చీర తరుగు తియ్యాల్నా?" అన్నాడు నరహరి.

"తియ్యి. కడియాలు గూడ తియ్యి."

"అన్ని తీసినా ఎనభై ఆరు."

చేతి అలవాటు కొద్దీ చిట్టీ రాసి, తేదీ వేసి ఇచ్చాడు. వెంకవ్వ దాన్ని మడిచి, చేసిన బీడీల లెక్క రాసే బీడీ కార్డులో దాచింది.

మొదటి నెల ఒక్కపొద్దులు పట్టింది. సోమవారం, గురువారం, శనివారం. ఒక్కపొద్దంటే అన్నం ముట్టకూడదు. ఉప్మా ముట్టొచ్చు, పోపు వేసిన అటుకులు ముట్టొచ్చు, అరటిపండ్లు ఎన్నైనా ముట్టొచ్చు. నెల తిరిగి కాంటా ఎక్కితే ఎనభై ఏడున్నర.

"ఉపాసముండి పెరిగినోళ్లను నిన్నే చూసిన అక్కా" అన్నాడు నరహరి.

కోడలు రోజారాణి అప్పుడు రంగంలోకి దిగింది. "దేవునికి ఒక్కపొద్దు ఉండు అత్తమ్మా, నేనొద్దన్న. గని రోజూ తిను, జర తక్కువ తిను." అన్నం గిన్నె చిన్నదైంది. రాత్రికి రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర పప్పు. రోజుకు ఆరు చాయ్‌లు రెండయ్యాయి, వాటిలో చక్కెర సగం. "గిది చాయా, గిలాస కడిగిన నీళ్లా?" అని వెంకవ్వ గోడను అడిగేది. కోడలు వినిపించుకునేది కాదు. పొద్దున్నే అంకాపూర్ రోడ్డు మీద నడక. "అంకాపూర్ దాకా మాత్రం పోకు అత్తమ్మా, ఆడ కోడికూర ఉంటది" అని మొదటిరోజే హద్దు గీసింది.

ఎనభై నాలుగు. ఎనభై ఒకటి. దసరాకు మళ్లీ ఎనభై మూడు. ఆ వారం గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. చలి ముదిరేసరికి డెబ్బై ఎనిమిది. మోకాళ్లు సగం మడతపడ్డాయి. వెంకవ్వ కుర్చీ దిగి, జానెడెత్తు పీట మీదికి వచ్చింది.

అంత కిందికి వచ్చిన రోజే ఆ మాట చెవిన పడింది. భీమవ్వ పక్కామె చెవిలో చెప్తోంది. "తల్లికి పెట్టేదాంట్ల గూడ తరుగు తీస్తుందే మా వదినె."

వెంకవ్వ చేతిలో ఆకు ఆగింది. చాట ఎత్తుకుని ఇంటికొచ్చింది.

"పెద్ద గిన్నె తియ్యి రోజా. జాతరయ్యేదాక తింట. పోయిన కిలోలన్ని మల్ల తెచ్చుకుంట. తల్లి దగ్గర దొంగనైతనా నేను?"

"మరి మోకాళ్లు?"

వెంకవ్వ అన్నం కలుపుకుంది. నాలుగు రోజులు పెద్ద గిన్నెతోనే తిన్నది, నడకకు పోలేదు. ఐదోరోజు పీట మీదినుంచి లేవడానికి భీమవ్వ చేయి పట్టుకోవాల్సి వచ్చింది. భీమవ్వ చేయే.

ఆ సాయంత్రం యార్డుకు పోయి నరహరికి అంతా చెప్పింది. కొత్త పసుపు వస్తున్న రోజులు, అతని కనుబొమలు కూడా పచ్చగా ఉన్నాయి. అతను పక్కనున్న బస్తాను తట్టాడు.

"గీ మాల్ పొద్దుగాల వచ్చింది. కాంటా చేసిన, చిట్టీ రాసిన. ఇగ వారం ఈడ్నే ఉంటది, ఎండి తరుగుతది. గప్పుడు రైతుకు ఏ తూకం లెక్క?"

"చిట్టీల ఉన్నదే."

"తెలిసి నన్నెందుకు అడుగుతవక్కా?"

వెంకవ్వ ఇంటికి దగ్గర దారిన పోలేదు. అంకాపూర్ రోడ్డు మీదుగా చుట్టు తిరిగి నడుచుకుంటూ పోయింది. ఆ రాత్రి రెండు రొట్టెలే తిన్నది.

జాతరకు వారం ముందు, మొక్కు ఉన్నవాళ్లను తూచి బెల్లం ఇవ్వడానికి జయరాజ్ కిరాణం దుకాణం ముందర కాంటా పెట్టారు. భీమవ్వ పని మానుకుని, ఇద్దరిని వెంటేసుకుని చూడటానికి వచ్చింది. "ఎక్కు అవ్వా" అన్నాడు జయరాజ్. ఎంతుందో చూద్దామని వెంకవ్వ ఎక్కింది. డెబ్బై ఏడు. "చూసిన్రా, నేను చెప్పలే?" అని భీమవ్వ అటునుంచి అటే కదిలింది. ఈ కబురు చేరాల్సిన ఇండ్లు చాలా ఉన్నాయి. వాళ్లు మూల తిరిగాక వెంకవ్వ కాంటా దిగి, బీడీ కార్డు తెరిచి, మడతలు పడ్డ చిట్టీని జయరాజ్ చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం భీమవ్వ వాకిట్లో కుర్చీ ఖాళీగా ఉంది, పీట కూడా. వెంకవ్వ చాప మీద సక్లముక్లం పెట్టి, ఒళ్లో చాటతో, భీమవ్వ మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది. పొద్దటి సంగతి ఎత్తుకోబోయిన భీమవ్వ, పక్కకు చూసి కత్తెర వెతకడం మొదలుపెట్టింది.

"చెప్పవే, ఆపుతవేంది? ఎన్నొద్దులకో నాకు మంచిగ ఇనబడుతుంది" అంది వెంకవ్వ, ఆకు చుడుతూ.

జయరాజ్ దుకాణంలో ఆమె పేరు రాసి పెట్టిన బెల్లం ఎనభై ఆరు కిలోలు.