కొండ కాలిన నాలుగో రోజు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి: నీ కండ్లతో చూసినావా అని. చూసినోళ్లు ఒక్కరూ దొరకలేదు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పని చేసిన నాకు, రోగానికైనా చావుకైనా ఏదో ఒక కారణం ఉంటుందనే నమ్మకం. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం ఆగిపోతాను.

తొంభైల్లో నేను పెనుకొండ దగ్గర ఉండేవాణ్ణి. ఒక ఏడు ఉగాదికి ముందు, దగ్గర్లోని ఒక పల్లె మీది కొండ అంటుకుంది. రెండు రోజులు కాలింది. బోద కసువు అనే గడ్డి, సీతాఫలం చెట్లు, తేనె తుట్టెలు అన్నీ పోయినాయి. ఆ ఊళ్లో సగం ఇండ్లకు ఆ కొండే కూడు. ఆడోళ్లు కసువు కోసి పొరకలు కట్టి అమ్మేవాళ్లు. కాయల కాలంలో గంపలు హిందూపురం పోయేవి. మూడో రోజు నేను మందుల పెట్టెతో పోయేసరికి ఊరంతా దగ్గుతా ఉంది. గొడ్లు తాగే తొట్టిలో బూడిద తెట్టు కట్టింది.

తిప్పక్క అనే ఆమె ఆ మంటల్లో చనిపోయింది. మేకల కోసం పోయి చిక్కుకుంది. రెండో రోజు శవం కొండ మొదట్లోనే దొరికితే, ఆ సాయంత్రమే పూడ్చిపెట్టినారు. మోసేదానికి కూడా మనుషులు సరిగా రాలేదంట. కొత్త కసువు మొలవాలని ఆమే అగ్గి పెట్టిందని ఊరి మాట. చూసినవాళ్లు ఎవరూ లేరు.

"పద్నాలుగు మేకలు సార్. కళేబరాలన్నా చూసొద్దాం రాండి" అన్నాడు ఆమె కొడుకు హనుమంతు. మేకపిల్లలు వాళ్ల దొడ్లో అరుస్తా ఉన్నాయి. నేనే సీసాతో ఆవుపాలు తాపినాను.

నాలుగో రోజు పొద్దున ఇద్దరం ఎక్కినాం. చీలమండ లోతు బూడిద. కింద నిప్పు ఉంటుందని నేల చూసుకుంటానే నడిచినాను. శవం దొరికిన చోటు దాటినాక, మా అడుగులు తప్ప యాడా ఇంకో అడుగు లేదు.

పైన మూడు పక్కలా బండలున్న ఒక చోట, గుడిసెంత జాగా కాలకుండా మిగిలింది. మేకలన్నీ ఆడ పడుకొని నెమరేస్తా ఉన్నాయి. అప్పుడు నాకు వింత అనిపించలేదు. బండలు మంటను ఆపినాయి అనుకున్నాను.

వాటిలో ఐదు పాల మేకలు. అన్ని రోజులు పిల్లలు తాగకుంటే పొదుగు రాయి మాదిరి గట్టిపడి ఉండాలి. లేకుంటే ఆకలికి పాలు ఇంకిపోయి ఉండాలి. ఒకదాని పొదుగు పట్టుకున్నాను. అప్పుడే పిండినట్టు మెత్తగా ఉంది. చన్ను వత్తితే చుక్క పాలు వచ్చినాయి. నా వేళ్లకు జిడ్డు అంటుకుంది. ఐదింటికీ అంతే.

హనుమంతు నా చెయ్యి పట్టి వాసన చూసినాడు.

"ఆముదం సార్. మాయమ్మ పొదుగుకు ఆముదం పూసి పిండుతాండె. నాకు పాలియ్యవు ఇవి."

"పాతదేమోలే" అన్నాను. ఆ సెగకు, ఆ ఎండకు ఏ నూనె అయినా అట్లా తడిగా నిలవదని నాకు తెలుసు. దానికి బూడిద కూడా అంటలేదు.

మేకల్ని తోలుకొని దిగేటప్పుడు వాడు, "మనం చూసింది ఊళ్లో నువ్వు చెప్పు సార్. నువ్వు చెప్తే వింటారు. తన మేకలుండే కొండకు ఎవరన్నా అగ్గి పెడతారా?" అన్నాడు.

నేను చెప్పలేదు. నవ్వుతారని భయపడినాను. బండల మధ్య మేకలు బతికినాయని మాత్రం చెప్పినాను. ఆ మాట పట్టుకొని, తన మేకల్ని ముందే భద్రంగా దాచిపెట్టి, ఆ తర్వాతే కొండకు అగ్గి పెట్టింది చూడు అన్నారు.

ఆ ఏడు వానలకు కొండ మీది మట్టి కొట్టుకొచ్చి చేన్లను కప్పింది. మేపు లేక గొడ్లను అమ్ముకొని చాలా ఇండ్లు బెంగళూరు కూలికి పోయినాయి. అందరికన్నా ముందు హనుమంతు పోయినాడు. ఎవరితోనూ చెప్పి పోలేదు.

రెండు వేలు దాటినాక ధర్మవరానికి బదిలీ అయినాను. అక్కడి డాక్టరుకు ఒకసారి ఇదంతా చెప్పినాను. ఎవరో పోయి పిండుకొని ఉంటారులే అన్నాడు. బూడిదలో అడుగులు ఏవి అని అడిగితే, టీ తాగుదాం పద అన్నాడు.

తిప్పక్క వచ్చిందని నేను అనను. ఆ మేకల్ని పిండింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. హనుమంతు అడిగిన ఆ ఒక్క మాట ఊళ్లో చెప్పకుండా నోరు మూసుకుంది మాత్రం నేనే.